రోగులను పరామర్శించు పెద్దకుక్క

‘కుక్కతోక వంకర’ అని మన సామెత. తోక విషయమున అది నిజమే. ఎముకల అమరికను ఎవరును మార్చలేరు. కాని ఆ తోకను ఆడించు జంతువు నడవడి అట్టిది కాదు. తగిన వయస్సున, తగిన పద్ధతిని నేర్పినచో 60 కిలోగ్రాముల కుక్క సైతము రోగి మంచము చెంత చప్పుడు చేయక నిలిచి, పరుపు అంచున గడ్డము ఆనించి, తెలియని మనుష్యుని చేతిని తన తలపై ఉంచుకొనగలదు. ఇట్టి కుక్కలను పాశ్చాత్య దేశములలో ‘థెరపీ కుక్కలు’ అందురు.

అంధులకు దారి చూపు కుక్క ఒక్క యజమానికి మాత్రమే సేవ చేయును. థెరపీ కుక్క అట్లుగాక సామాన్యమైన పెంపుడు కుక్కవలె ఇంట పెరుగుచు, యజమాని వెంట ఆస్పత్రులకు, వృద్ధాశ్రమములకు, పాఠశాలలకు పోయి అందరిని పలుకరించి వచ్చును. అది రోగమును కుదుర్చదు. వైద్యుడు చేయు పనికి తోడుపడును. మన వాడుకలో చెప్పవలెనన్న అది చేయునది పరామర్శ.

ఈ పద్ధతి ఎట్లు పుట్టినది?

అమెరికాలో బోరిస్ లెవిన్సన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండెను. ఆయన కుక్క పేరు జింగిల్స్. ఎవరితోను కలియక ముడుచుకొనియుండు ఒక బాలుని తల్లిదండ్రులు ఆయన వద్దకు తీసికొనివచ్చిరి. ఆ సమయమున జింగిల్స్ గదిలోనే యున్నది. బాలుడు వైద్యుని చూడకయే కుక్కతో ఆటలాడ మొదలిడెను. కుక్క ద్వారా ఏర్పడిన చనువే క్రమముగా వైద్యునితో మాటలకు దారితీసెను. ఈ అనుభవములను లెవిన్సన్ 1961లో మనస్తత్వవేత్తల సభలో వివరించి, 1962లో వ్యాసముగా ప్రకటించెను. 1976లో ఎలెయిన్ స్మిత్ అను నర్సు ఇట్టి కుక్కల కొరకు అమెరికాలో ఒక సంస్థను నెలకొల్పెను. 1991లో హాంగ్‌కాంగున ఈ పని ఆరంభమైనది. 1999లో అమెరికాలోని సాల్ట్‌లేక్ నగరమున పిల్లలు కుక్కలకు పుస్తకములు చదివి వినిపించు పథకము మొదలయ్యెను. చదువుటలో తడబడు పిల్లవాడు తోటివారి నవ్వునకు జంకును. కుక్క నవ్వదు, తప్పు పట్టదు, తొందర పెట్టదు. ఉపాధ్యాయులు గమనింపదగిన విషయమిది.

పెద్ద శరీరము: లాభము, ప్రమాదము

చిన్న కుక్కను రోగి ఒడిలోనికో మంచము పైకో ఎత్తవలెను. పెద్దకుక్క నేలపై నిలిచియే మంచము ఎత్తునకు అందును. లేవలేనివాడు చేయి చాచిన చాలును. ఇందుకు పేరొందిన జాతులలో న్యూఫౌండ్‌లాండ్ ఒకటి. కెనడా దేశపు తూర్పు తీరమునగల ఆ పేరి ద్వీపమే దాని పుట్టిల్లు. మగకుక్క భుజము వద్ద సుమారు 71 సెంటీమీటర్ల ఎత్తును, 59 నుండి 68 కిలోగ్రాముల బరువును కలిగియుండును. దట్టమైన రెండు పొరల బొచ్చు, వేళ్ళ నడుమ చర్మము దానిని చల్లని నీటిలో ఈదుటకు తగినదానినిగా చేసినవి. స్వభావము మిక్కిలి సౌమ్యము.

కాని ఆ బరువు తోడనే జాగ్రత్త పెరుగవలెను. 60 కిలోగ్రాముల కుక్క సెకనునకు 5 మీటర్ల వేగముతో సంతోషముగా ఎదురువచ్చినదనుకొందము. దాని గతిజశక్తి ½ × 60 × 25, అనగా 750 జౌళ్ళు. 10 కిలోగ్రాముల కుక్క అదే వేగముతో వచ్చినచో 125 జౌళ్ళు మాత్రమే. చిన్నకుక్క మీదికెగిరిన ముద్దుగానుండును. పెద్దకుక్క ఎగిరిన వృద్ధురాలి తుంటి ఎముక విరుగును. కుక్కకు చెడ్డ ఉద్దేశ్యము ఉండనక్కరలేదు. ప్రేమయే ప్రమాదమగును.

మరియు దాని ఎదుగుదల మిక్కిలి వేగమైనది. మనుష్యశిశువు 3 కిలోగ్రాముల నుండి 60 కిలోగ్రాములకు ఎదుగుటకు సుమారు 18 సంవత్సరములు పట్టును. అది ఇరువది రెట్లు. ఈ కుక్కపిల్ల అర కిలోగ్రామునకు కొంచెము హెచ్చుతగ్గుగా పుట్టి, రెండేండ్లలోపుగనే దాదాపు నూరు రెట్లు పెరుగును. అంతవరకు దాని ఎముకల చివరలు మెత్తనగానేయుండును. అతిగా మేపుట, ‘ఎముకలకు బలము’ అని కాల్షియము మందులు అదనముగా పోయుట, మెట్లపై పరుగెత్తించుట దానికి మేలుగాక కీడే చేయును.

నేర్పుట ఎప్పుడు, ఎట్లు?

కుక్కపిల్ల జీవితమున 3వ వారము మొదలు సుమారు 12, 14 వారముల వరకు గల కాలము మిగుల ముఖ్యమైనది. 1961లో ప్రకటితమైన ఒక ప్రయోగమున కొన్ని పిల్లలను మనుష్యుల పొత్తు లేకుండ 14 వారముల వరకు పెంచిరి. అవి తరువాత మనుష్యులను చూచి బెదరిపోయెను. కనుక ఈ వయస్సుననే చక్రముల కుర్చీ, చేతికర్ర, గొడుగు, గంటల మ్రోత, నున్నని నేల, గడ్డమువాడు, పసివాడు మున్నగువానినెల్ల మెల్లగా, భయము కలుగకుండ పరిచయము చేయవలెను.

శిక్షణకు ఆధారమైన సూత్రము సులభము. సంతోషకరమైన ఫలితము నిచ్చు పనిని జంతువు మరల చేయునని థార్న్‌డైక్ 1898లో పిల్లులతో చేసిన ప్రయోగముల వలన చూపెను. కుక్క కూర్చున్న మరుక్షణముననే ‘భేష్’ అని చిన్న తినుబండారము నీయవలెను. ఆలస్యమైనచో అది అప్పటికి లేచి నిలుచును. మనము లేచినందుకు బహుమానమిచ్చినట్లగును. పావ్లోవ్ కుక్కలకు గంట వినగానే నోరూరినట్లు, మన కుక్కకు ‘భేష్’ అను మాటయే క్రమముగా తీపి అగును.

కూర్చుండుట, పండుకొనుట, నిలిచియుండుట, పిలిచిన వచ్చుట, గొలుసు లాగక నడచుట — ఇవి మొదటి పాఠములు. ‘వదలు’ అనునది ప్రాణములు కాపాడు పాఠము. ఆస్పత్రి నేలపై రోగి చేజారిన మాత్ర పడియుండవచ్చును. కుక్క దానిని మ్రింగకుండ ఆపునది ఆ ఒక్క మాటయే.

ఇంట అందరిది ఒకే నియమముగానుండవలెను. తండ్రి వలదన్నను, బామ్మ పదిసార్లకు ఒకసారి విస్తరి నుండి ముద్ద వేసినదనుకొందము. అడుగుట మానునా? మానదు సరికదా, మరింత గట్టిపడును. అప్పుడప్పుడు మాత్రమే లభించు బహుమానము అలవాటును దీర్ఘకాలము నిలుపునని స్కిన్నర్ ప్రయోగములు తెలిపినవి. మీదికి ఎగురుటయు అట్టిదే. నాలుగు కాళ్ళును నేలనున్నప్పుడే ఇంటిల్లిపాదియు పలుకరించిన, ఆ దురలవాటు అణగును. కొట్టుట వలన నష్టము కలదు. గుర్రుమన్నందుకు దెబ్బలు తిన్న కుక్క గుర్రుమనుట మానును గాని భయము మానదు. అప్పుడది హెచ్చరిక లేకయే కరచును.

ఆస్పత్రిలో

పేరొందిన ఒక అమెరికా సంస్థ నియమముల ప్రకారము కుక్కకు కనీసము ఒక సంవత్సరము నిండియుండవలెను. పచ్చిమాంసము తినునది పనికిరాదు. దానివలన సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు రోగులకు సోకవచ్చును. దినమునకు 2 గంటలు మించి పని చేయించరాదు. స్నానము, గోళ్ళు కత్తిరించుట, టీకాలు, నులిపురుగుల మందు తప్పనిసరి. రోగి ముందును తరువాతను చేతులు కడుగవలెను. తెరచిన గాయములు గలవారి వద్దకు, కుక్క పడనివారి వద్దకు, భయపడువారి వద్దకు పోరాదు.

దీనివలన నిజముగా మేలు కలుగుచున్నదా? 1980లో అమెరికాలో గుండెజబ్బుతో ఆస్పత్రిలో చేరిన 92 మందిని ఒక సంవత్సరము తరువాత పరిశీలించిరి. పెంపుడు జంతువులుగల 53 మందిలో 3గురు, లేని 39 మందిలో 11 మంది మరణించిరి. అంకెలు ఆకర్షకములే. కాని జంతువును సాకగలిగినవారు మొదటనే కొంత దృఢముగానుండిరేమో! తరువాతి పరిశోధనలన్నియు ఒకే ఫలితము నీయలేదు. కుక్కయు యజమానియు ఒకరినొకరు చూచుకొన్నప్పుడు ఇద్దరిలోను ఆక్సిటోసిన్ అను హార్మోను హెచ్చునని 2015లో జపాను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. భయము, ఒంటరితనము కొంత తగ్గునని చెప్పవచ్చును; రోగము నయమగునని చెప్పరాదు.

కుక్క మాట వినవలెను

అలసితినని కుక్క నోటితో చెప్పలేదు. నిద్ర రాకయే ఆవులించుట, పెదవులు నాకుట, ముఖము త్రిప్పుకొనుట, కనుగ్రుడ్డు తెల్లన కనబడుట, తోకను కాళ్ళ నడుమ ముడుచుట — ఇవియే దాని మాటలు. ఇవి కనబడిన వెంటనే యజమాని పని ముగించి ఇంటికి మరలవలెను. శిక్షణ కుక్కకంటె మనుష్యునికే హెచ్చుగా అవసరమని ఇందువలన తెలియును.

న్యూఫౌండ్‌లాండ్ కుక్కను మన దేశమున పెంచుట తగదు. కుక్క శరీరతాపము సుమారు 38.3 నుండి 39.2 డిగ్రీలు. మనవలె ఒడలెల్ల చెమర్చదు. పాదములలో మాత్రమే కొద్దిగా చెమట పట్టును. నాలుక చాచి రొప్పుటయే దానికి చల్లబడు ముఖ్యమార్గము. పెద్దశరీరమునకు బరువునుబట్టి చూడగా ఉపరితలము తక్కువ; కనుక వేడి మెల్లగా పోవును. రెంటచింతలలో వేసవిగాలి కుక్క ఒంటికంటె వేడెక్కును. కోస్తాలో తేమవలన రొప్పుటయు అంతగా ఫలింపదు. మన ఎండలకు అలవడిన పొట్టిబొచ్చు కుక్కలే ఇక్కడ ఈ పనికి తగినవి.

టీకా విషయము మరువరాదు. ఆంగ్లకవి బైరన్ ప్రాణముగా చూచుకొన్న బోట్స్‌వేన్ అను న్యూఫౌండ్‌లాండ్ కుక్క 1808లో రేబిస్ వ్యాధితోనే మరణించినది. నాడు టీకా లేదు, నేడు కలదు. అయినను మన దేశమున నేటికిని అనేకులు ఈ వ్యాధికి బలియగుచున్నారు. కనుక ఉపాధ్యాయులు పిల్లలకు రెండు సంగతులు నేర్పవలెను. యజమానిని అడుగక ఏ కుక్కను ముట్టరాదు. కుక్క కరచినచో గాయమును సబ్బుతోను, ధారగా పడు నీటితోను 15 నిమిషములు కడిగి, వెంటనే ఆస్పత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

పెద్దజాతుల ఆయువు స్వల్పము. న్యూఫౌండ్‌లాండ్ సుమారు 8 నుండి 10 ఏండ్లు మాత్రమే జీవించును. ఎదుగుటకు రెండేండ్లు, ముసలితనమునకు రెండేండ్లు పోగా, రోగుల వద్దకు పోగలిగిన కాలము నాలుగు నుండి ఆరేండ్లే. ఆ కొద్దికాలమున అది మననుండి కోరునది నాలుగు ముద్దలు, నీడ, ఓర్పు. దాని తోక వంకరగానేయుండనిండు. ఆ తోక చెప్పుచున్నదానిని చదువుట నేర్చుకొనవలసినవారము మనమే.