గాలి ఆర్చి కొనేటప్పుడు అడగాల్సింది రేటు ఒక్కటే కాదు

పోయిన శివరాత్రికి మూడు రోజుల ముందు, పొద్దున్నే ఏడు గంటలకి ఫోనొచ్చింది. "అన్నా, బ్లోయరు కాలిపోయింది. ఉదయగిరిలో షాపు ఓపెనింగు. ఎనిమిదిన్నరకి ముహూర్తం. ఆర్చి కింద పడి ఉండాది. షాపాయన తిడతా ఉండాడు, ఏం చెయ్యాల?" మా సీతారామపురం మండలం పిలకాయే. నేనేం మెకానిక్కుని కాదు. రేషను కార్డులు, ఉపాధి కూలి డబ్బులు, కరెంటు బిల్లులు, వీటి మీద ఆఫీసుల చుట్టూ తిరిగేటోణ్ణి. అయినా మా పక్క ఏది కాలినా ముందు నాకే ఫోను చేస్తారు.

ఆ పిలకాయ డిగ్రీ మధ్యలో ఆపేసి నాలుగేళ్లు బెంగళూరు హోటల్లో పని చేసినోడు. మా మెట్టలో బోరు తగిలితే సేద్యం, తగలకపోతే బస్సు. బస్సు ఎక్కినోళ్లు మళ్లీ దిగేది పండక్కే. ఈ పిలకాయ మాత్రం ఊళ్లోనే బతుకుతానని తిరిగొచ్చినాడు. వాళ్లమ్మ పొదుపు సంఘంలో తీసుకున్న లోను, ఈడు దాచుకున్నది కలిపి ఢిల్లీ పక్క ఒకాయన దగ్గర 20 అడుగుల గాలి ఆర్చి, చేతులూపుతా ఆడే గాలి మనిషి, రెండు బ్లోయర్లు తెప్పించినాడు. మొత్తం డెబ్భై వేల దాకా అయింది. బాడుగకి ఇస్తాడు.

ఆలోచనలో తప్పు లేదు. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తామని ప్రకటించినారు. ఫ్లెక్సీలు ఇప్పటికీ ప్రతి సెంటర్లో వేలాడతానే ఉండాయి, అది వేరే కథ. అయితే అందరూ ఫ్లెక్సీ కట్టేసరికి షాపోళ్లకి కొత్తది కావాలనిపిస్తా ఉండాది. ఉదయగిరి, వింజమూరు, ఆత్మకూరు పక్క ఎవురు షాపు పెట్టినా, కాలేజీ ఫంక్షనైనా, తిరనాళైనా గాలి ఆర్చి కావాలంటే నెల్లూరు నుంచి రావాల్సిందే. ఊళ్లోనే ఉంటే పని దొరుకుతుంది. అమ్మినాయన వీడియోలు గూడా బాగున్నాయి. ఒక సంవత్సరం వారంటీ, ఫుల్ సపోర్టు అన్నాడు. పిలకాయ ఆ రెండు మాటలకే డబ్బు కొట్టేసినాడు.

ఇక జరిగింది చెప్తా. బ్లోయరు కాలింది నాలుగో బాడుగకే. ఇంకో బ్లోయరు ఉంది కదా అని మీరనొచ్చు, నేనూ అదే అన్నా. అది ఆడే బొమ్మది. దాని మూతి పెద్దది, ఆర్చి గొట్టానికి పట్టదు. షాపాయన బాడుగ ఇయ్యకుండా పంపించేసినాడు. ఘటిక సిద్ధేశ్వరం కోనలో శివరాత్రికి అన్నదానం వాళ్లు ఆర్చి చెప్పి ఉండారు, అదీ పోయింది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. కొనేముందు రెండో రింగుకే ఎత్తినాయన! వాట్సాపులో వీడియో పెట్టమన్నారు, పెట్టినాం. నాలుగు రోజులకి, బ్లోయరు పంపించండి, చూసి చెప్తాం అన్నారు. రానుపోను ట్రాన్స్‌పోర్టు మాదేనంట. పంపించినాం. ఇరవై మూడు రోజులకి తిరిగొచ్చింది, ఎట్లా పోయిందో అట్లానే. మీ ఊళ్లో వోల్టేజి బాగాలేదు, ఇది వారంటీలోకి రాదు, కొత్త మోటరుకి ఆరున్నర వేలు కట్టండి అన్నారు.

బ్లోయరు ఎత్తుకోని ఉదయగిరిలో బోరు మోటర్లకి వైండింగు కట్టే అన్న దగ్గరికి పోయినాం. ఆయన విప్పి చూసి, బేరింగు పట్టేసింది, దాంతో మోటరు వేడెక్కి వైండింగు పోయిందన్నాడు. పద్నాలుగు వందలకి బేరింగు మార్చి వైండింగు కట్టిచ్చినాడు. అయిపోయింది అనుకునేలోపల, లోపల గాలి తోసే ప్లాస్టిక్ చక్రం, దాన్ని ఇంపెల్లరు అంటారు, దారిలో పగిలి ఉండాది. అది ఉదయగిరిలో లేదు, నెల్లూరులో లేదు. అమ్మినాయన్ని అడిగితే అది విడిగా రాదు, మొత్తం బ్లోయరు కొనాల అన్నాడు. పద్నాలుగు వందలతో అయిపోవాల్సిన పని, రెండు మూడు వందలు చేసే చక్రం కాడ ఆగిపోయింది.

ఆ రోజు నాకు తెలిసొచ్చింది ఏందంటే, మన మాదిరి దూరం ఊర్లకి సర్వీసంటే ఆ కంపెనీ మనిషి రావడం కాదు. ఆయన రాడు. ఢిల్లీ నుంచి సీతారామపురానికి బ్లోయరు కోసం ఎవురొస్తారు? మన ఊరి మెకానిక్కు బాగుచేసేదానికి కావాల్సిన సామాను, సమాచారం ఆయన ఇస్తాడా లేదా అన్నదే అసలు సర్వీసు. కొనేముందు తేల్చుకోవాల్సింది అది.

దానికి ఈ గాలి బొమ్మల్లో ఏది పోతుందో తెలియాల. ఇవి రెండు రకాలు. ఒకటి గుడ్డతో కుట్టింది, బ్లోయరు ఆపకుండా తిరుగుతా ఉండాల. కుట్ల సందుల్లోంచి గాలి కొంచెం కొంచెం పోతా ఉంటుంది, అది లోపం కాదు, దాని తయారీనే అంత. రెండోది పీవీసీ పట్టని వేడితో అతికించింది, ఒకసారి గాలి నింపి మూత బిగిస్తే నిలబడుతుంది. కుట్టింది చినిగితే లారీ పట్టలు కుట్టే మనిషి అయినా కుడతాడు, అదే గుడ్డ, అదే దారం ఉంటే చాలు. అందుకని కొనేటప్పుడే ఆ రంగుల గుడ్డ మీటరు మీటరు అదనంగా అడగండి. అతికించిన రకానికి పంచరు పడితే దానికి తగిన గమ్ము, పట్టీలు కావాల. సైకిలు ట్యూబు గమ్ము పూస్తే అప్పటికి పట్టినట్టుంటుంది, ఎండకి లేచొస్తుంది.

బ్లోయరులో ఎక్కువగా పొయ్యేవి మూడు. కెపాసిటరు, బేరింగు, వైండింగు. ఈ మూడూ మన మెకానిక్కులు బోరు మోటర్లలో రోజూ చూసేవే. కెపాసిటరు మీద ఎన్ని మైక్రోఫారాడ్లో రాసుంటుంది, బేరింగు మీద 6202, 6203 అట్లా నంబరుంటుంది. మామూలు నంబర్లయితే ఉదయగిరిలోనే దొరుకుతాయి. ఇంపెల్లరు, దాని పైడొప్ప మాత్రం తయారు చేసినోడి దగ్గరే దొరికేవి. కాబట్టి బేరం ఆడేటప్పుడు ఒక్క మాట అడగండి: "స్పేరు ఇంపెల్లరు ఎంత?" వెంటనే రేటు చెప్పినాడంటే ఆయన దగ్గర సరుకు ఉండాదని అర్థం. "ముందు మీరు కొనండి, అప్పుడు చూద్దాం" అన్నాడంటే లేదని అర్థం. వారంటీ కాగితం కంటే ఈ ఒక్క ప్రశ్న నాకు ఎక్కువ చెప్పింది.

వోల్టేజి సంగతి గూడా చెప్పుకోవాల. అమ్మినాయన చెప్పింది పూర్తి అబద్ధం అనలేను. మనకి లెక్క ప్రకారం రావాల్సింది 230 వోల్టులు, సాయంత్రమైతే బల్బు ఎర్రగా వెలిగే ఊళ్లు మనవి. వోల్టేజి పడిపోతే మోటరు ఎక్కువ కరెంటు లాక్కోని వేడెక్కుతుంది. దానికి తోడు తిరనాళలో సన్న వైరు వంద అడుగులు లాగుతాం, ఆడ ఇంకొంచెం పడిపోతుంది. ఒకటిన్నర హార్సుపవరు బ్లోయరంటే 1100 వాట్ల పైమాటే, దానికి దోమతెర లైటు వైరు చాలదు. ఇది మన తప్పు, మనం సరిచేసుకోవాల. అట్లని ప్రతి కాలిన మోటరుకీ ఊరి వోల్టేజే సాకు కాకూడదు. ఎన్ని వోల్టుల నుంచి ఎన్ని వోల్టుల దాకా పనిచేస్తుందో బిల్లు మీద రాయించుకోండి. వేడెక్కితే తనంతట తనే ఆగిపోయే థర్మల్ కటాఫ్ ఉందా అడగండి. విదేశీ బ్లోయరైతే రేకు మీద 110 వోల్టులా 230 వోల్టులా చూడండి. అమెరికా కోసం చేసిన 110 వోల్టులది తెచ్చి మన సాకెట్లో పెడితే వారంటీ గురించి ఆలోచించేలోపలే పొగ వస్తుంది.

ఆ ఆడే గాలి మనిషి పుట్టింది గూడా అమెరికా కోసమే. 1996 అట్లాంటా ఒలింపిక్స్ వేడుక కోసం ట్రినిడాడ్ కళాకారుడు పీటర్ మిన్షాల్, ఇజ్రాయెల్ కళాకారుడు డోరోన్ గాజిత్ కలిసి దాన్ని తయారు చేసినారు. అప్పుడు దాన్ని నిలబెట్టేదానికి పక్కనే మనుషులున్నారు. ఇప్పుడది మన ఎరువుల షాపు ముందు ఒంటరిగా ఆడతా ఉండాది.

వారంటీ మాట. "ఒక సంవత్సరం" అంటే దేనికి? చానా మంది కుట్టుకి ఒక లెక్క, బ్లోయరుకి ఒక లెక్క, రంగుకి అసలు లెక్కే లేకుండా ఇస్తారు. మన ఎండకి ముందు పొయ్యేది రంగే. బాడుగకి ఇచ్చేటోళ్లయితే పేరు అచ్చేసిన ఆర్చి వద్దు, పేరు పట్టీని అంటించి పీకే వెల్క్రో రకం తీసుకోండి. పట్టీ పాతబడితే పట్టీనే మారుస్తారు. బ్లోయర్లు రెండూ ఒకే మూతి సైజువి తీసుకోండి, మా పిలకాయ మాదిరి ఇరుక్కోవద్దు. ట్రాన్స్‌పోర్టు ఖర్చు ఎవురిది, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారు, వారంటీ బిల్లు తేదీ నుంచా సరుకు చేరిన తేదీ నుంచా, ఇవన్నీ ఫోన్లో కాదు, వాట్సాపులో రాతపూర్వకంగా అడగండి. అమ్మకం నంబరు కాదు, సర్వీసు నంబరు తీసుకోని, డబ్బు కట్టకముందే ఒక ఆదివారం సాయంత్రం దానికి ఫోన్ చేసి చూడండి. మన రాష్ట్రంలో సంవత్సరం కింద కొన్నోళ్ల నంబర్లు రెండు ఇమ్మనండి. నెల కింద కొన్నోళ్లు అందరూ బాగుందనే చెప్తారు.

గాలికి ఎట్లా కట్టాలో నేర్పించడం గూడా సర్వీసులో భాగమే. ఎన్ని తాళ్లు, ఎన్ని ఇసుక మూటలు, ఎంత గాలి వస్తే దించెయ్యాల, ఇది రాసిచ్చేటోడి దగ్గరే కొనండి. ఆస్ట్రేలియాలో టాస్మానియా దీవి, డెవన్‌పోర్ట్ అనే ఊళ్లో 2021 డిసెంబరు 16న బడిలో పిల్లలు ఆడుకునే గాలి కోట గాలికి లేచిపొయ్యి ఆరుగురు పిల్లలు చనిపోయినారు.

ఇన్ని అడిగినా మోసపోతే? చట్టం ఉండాది, దాంట్లో ఒక మెలిక గూడా ఉండాది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన 2019 వినియోగదారుల రక్షణ చట్టం, వ్యాపారం కోసం కొన్నోణ్ణి వినియోగదారుడు అనదు. అమ్మినాయన వకీలు ముందు పట్టుకునేది ఇదే. అయితే అదే చట్టంలో, సొంతంగా పని చేసుకోని బతికేదానికి కొన్న వస్తువుని వ్యాపారం కింద లెక్కెయ్యకూడదని వివరణ ఉండాది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే విడమరిచింది. ఆటో కొని తనే తోలుకోని బతికేటోడు వినియోగదారుడే అంది. ఆ కేసు వేసిన కంపెనీ మాత్రం ఓడిపోయింది, ఎందుకంటే వాళ్లది పెద్ద ఎత్తున వ్యాపారం. కాబట్టి మా పిలకాయ మాదిరి ఒక ఆర్చి పెట్టుకోని తనే మోసి తనే కట్టేటోడికి దారి ఉండాది. పది ఆర్చీలు, ఆరుగురు పనోళ్లు పెట్టుకున్నోడికి కష్టం.

బిల్లు అడుగున "వివాదాలు ఢిల్లీ కోర్టు పరిధిలోనే" అని అచ్చేసి ఉంటారు. దాన్ని చూసి జంకొద్దు. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటు, పని చేసుకునే చోటు ఉన్న జిల్లా కమిషన్లోనే ఫిర్యాదు వెయ్యొచ్చు, మనకి నెల్లూరు. వస్తువుకి కట్టింది 5 లక్షల లోపలైతే ఫీజు లేదు, 50 లక్షల దాకా జిల్లా కమిషనే చూస్తుంది, గడువు రెండేళ్లు. ఆన్‌లైన్లో గూడా వెయ్యొచ్చు. దానికంటే ముందు 1915 నంబరుకి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడొచ్చు. ఆన్‌లైన్ మార్కెట్ సైట్లో కొనుంటే, 2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాల, నెలలోపల పరిష్కరించాల.

మేం 1915కి చేసినాం. వైండింగు షాపు అన్న రాసిచ్చిన చీటీ, పాత వాట్సాపు మెసేజులు మా దగ్గర ఉండాయి. నెల రోజులకి అమ్మినాయన దిగొచ్చి, ఇంపెల్లరు ఉచితంగా పంపిస్తా, ట్రాన్స్‌పోర్టు డబ్బు అడగొద్దన్నాడు. విడిగా రాదన్న చక్రం అప్పుడు ఎట్లా వచ్చిందో! నెల్లూరుకి పోదాం, పోయిన బాడుగలు గూడా అడుగుదాం అని నేనన్నా. "అన్నా, నెల్లూరు తిరిగే రోజుకి నాకు బాడుగ పోతుంది, సంఘం కంతు ఎవురు కడతారు" అని పిలకాయ ఒప్పుకున్నాడు. నాకు నచ్చలేదు. కంతు కట్టేది నేను కాదు కాబట్టి ఎక్కువ మాట్లాడలేదు.

పోయిన వారం వరికుంటపాడు నుంచి ఇంకో పిలకాయ ఫోన్ చేసినాడు. రెండు చోట్ల రేట్లు కనుక్కున్నాడంట, ఎనిమిది వేలు తేడా. ఎక్కువ చెప్పినాయన స్పేరు ఇంపెల్లరు, రెండు కెపాసిటర్లు పెట్టెలోనే వేసిస్తానన్నాడంట, సామాను నంబర్లు గూడా పంపించినాడు. తక్కువ చెప్పినాయన్ని బేరింగు నంబరు అడగమన్నా. అడిగి ఆరు రోజులైంది. ఇంకా జవాబు రాలేదు, పిలకాయ డబ్బూ కట్టలేదు.