ధర తెలిసినంతనే చాలునా?

సాయంకాలపు వ్యవసాయ కార్యక్రమములో ధరవరలు చదువు వేళ మన పల్లెటి యిండ్లలో ఒక విధమగు నిశ్శబ్దము నెలకొనెడిది. పిల్లలు అల్లరి చేసినచో పెద్దలు కసరెడివారు. నా బాల్యమున, అనగా 1980వ దశాబ్దపు చివరి సంవత్సరములలో, మహబూబ్‌నగర్ జిల్లాలోని మా యింటను ఇట్లే జరిగెడిది. పల్లికాయ క్వింటాలునకు ఇంత, ఆముదములు ఇంత, కందులు ఇంత అని రేడియోలో వినవచ్చుచుండగా మా నాయన నా నోటుపుస్తకమునుండి ఒక కాగితము చింపి ఆ అంకెలను వ్రాసికొనెడివారు.

ఒక యేడు ఆ కాగితమును జేబులో నుంచుకొని, పల్లికాయ బస్తాలు బండిమీద వేసికొని గంజికి పోయిరి. నేనును వెంట పోతిని. అచ్చట ఒక వ్యాపారి రాశిలో చేయి పెట్టి, నాలుగు కాయలు చిదిపి చూచి, రేడియో చెప్పినదానికంటె చాల తక్కువ ధర పలికెను. మా నాయన కాగితము తీసి చూపిరి. వ్యాపారి నవ్వి, "గా రేటు చెప్పినోనికే అమ్ముకో పటేలా!" అనెను. చుట్టు నున్నవారును నవ్విరి. ప్రొద్దు వాలువరకు వేచియుండి, మా నాయన ఆ ధరకే కాంటా పెట్టించిరి. ఆ పిమ్మట కొన్ని దినములు మా యింట ధరవరల వేళకు రేడియో మ్రోగలేదు.

చాల కాలమునకు ఆకాశవాణి ఉద్యోగిగా ధరవరలు చదువు పని నాకే లభించినది. చదివినప్పుడెల్ల ఆ నవ్వు నా చెవిలో వినబడెడిది. రేడియో చెప్పిన ధర అబద్ధము కాదు. మా నాయన వినుటలో పొరపాటు లేదు. మఱి లోపమెక్కడ? నేడు సెల్‌ఫోన్ చేతిలో నున్నది, అంతర్జాలము అందుబాటులో నున్నది, వీనివలన వ్యాపారములో పైచేయి సాధింపవచ్చునని అందఱును చెప్పుచున్నారు. కనుక ఆ పాత ప్రశ్నకు సమాధానము వెదకుట నేడు మఱింత అవసరము.

వ్యాపారములో పైచేయి యనునది మూడు విషయములపై ఆధారపడి యుండును. వార్త ఎవరికి తెలియును? ఎవరికి ముందుగా తెలియును? తెలిసిన పిదప దానిని అనుసరించి నడచుకొను శక్తి ఎవరికి కలదు? మొదటి రెండును చిరకాలము వ్యాపారివైపే యుండెను. నూనె మిల్లునకు ఎంత సరకు కావలయునో, పట్టణములో ధర పెరుగుచున్నదో తగ్గుచున్నదో అతనికి టెలిఫోనులో తెలిసెడిది. రైతునకు తెలిసినది తన రాశి యొక్కటియే.

ఈ అసమానతను సవరింపవలెనను తలంపు క్రొత్తది కాదు. హైదరాబాదు సంస్థానములోనే 1339 ఫస్లీలో, అనగా 1930 ప్రాంతమున, వ్యవసాయ మార్కెట్ల చట్టము వచ్చినది. తరువాత 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టము వచ్చినది. వీనివలన యార్డు ఏర్పడినది, తూనికకు కట్టుబాటు వచ్చినది, వ్యాపారికి లైసెన్సు తప్పనిసరి యైనది. కాని ఒక పరిమితి మిగిలిపోయినది. ఆ దినమున ఆ యార్డులో నిలుచున్నవారు మాత్రమే ధర పలుకగలరు. అయిదుగురు కొనుగోలుదారులు ఒక్కమాట మీద నుండినచో వేలముపాట పేరునకే మిగులును.

ఈ పరిమితిని తొలగించు ప్రయత్నముగా 2016 ఏప్రిల్ 14వ తేదీన జాతీయ వ్యవసాయ విపణి, అనగా ఇ-నామ్, ప్రారంభమైనది. మొదటి దినమున 8 రాష్ట్రములలోని 21 యార్డులు ఇందు చేరినవి. తెలంగాణమునుండి చేరినవి అయిదు. అందు బాదేపల్లి, తిరుమలగిరి యార్డు లుండుట మన ప్రాంతమువారు గుర్తుంచుకొనదగిన విషయము. జడ్చర్లను ఆనుకొనియున్న బాదేపల్లి మహబూబ్‌నగర్ జిల్లాలోనిది. తిరుమలగిరి నాడు నల్లగొండ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాలు విభజింపబడిన పిదప సూర్యాపేట జిల్లాలో చేరినది. 2020 మే నాటికి దేశములో ఇట్టి యార్డుల సంఖ్య 1,000కి చేరెను.

ఇది నడచు విధము కొంత వివరింతును. రైతు సరకుతో ద్వారమువద్దకు రాగానే అతని పేరు, సరకు, బస్తాల సంఖ్య కంప్యూటరులో నమోదై, రాశికి ఒక సంఖ్య ఏర్పడును. పిదప రాశినుండి నమూనా తీసి తేమ ఎంత, మట్టి పెల్లలు, పుల్లలు, తాలు ఎంత అని పరీక్షింపవలెను. ఆ వివరములు అంతర్జాలములో ప్రకటితమగును. లైసెన్సు గల వ్యాపారి తన సెల్‌ఫోనులోనో కంప్యూటరులోనో తన ధరను నమోదు చేయును. గడువు ముగిసిన పిదప అన్నిటికంటె ఎక్కువ ధర యేదో తేలును. రైతు సమ్మతించినచో అమ్మకము. సమ్మతింపనిచో సరకు అతనిదే. సమ్మతించిన పిదప దడవాయి తూచును, హమాలీలు ఎత్తుదురు, తక్‌పట్టీ వ్రాయుదురు, సొమ్ము రైతు బ్యాంకు ఖాతాకు చేరవలెను.

ఇందు ముఖ్యమైనది యంత్రము కాదు. వ్యాపారి తన ధరను ప్రక్కవాని ముఖము చూడకుండ పలుకవలసి వచ్చుట ముఖ్యము. ఆ దినమున యార్డునకు రానివాడు కూడ పలుకగలుగుట ముఖ్యము. నమోదైన ధర చెరగని లెక్కగా మిగిలిపోవుట ముఖ్యము. మా నాయన చేతిలోనిది కాగితముపై నెవరో చెప్పిన ధర. ఇచ్చట రైతు ఎదుట నుండునది కొనుటకు సిద్ధమైనవాడు పలికిన ధర. ఈ రెంటికిని గల భేదమే నేటి మన విషయమునకు కీలకము.

ఇట్టి విధానమువలన నిజముగా లాభము కలదా? మహబూబ్‌నగరమునకు పొరుగున నున్న కర్ణాటకములో 2014లోనే యార్డులను ఒకే అంతర్జాల వేదికపైకి తెచ్చు పని ప్రారంభమైనది. దాని ఫలితమును గూర్చి 2020లో ఒక పరిశోధన వెలువడినది. అందు తేలినదేమనగా, సగటున వడ్ల ధర నూటికి 5.1 వంతున, పల్లికాయ ధర 3.6 వంతున, మక్కల ధర 3.5 వంతున పెరిగినవి. మఱికొన్ని పంటలలో చెప్పుకొనదగిన మార్పు కనబడలేదు. నూటికి మూడున్నర స్వల్పముగా తోచవచ్చును. పల్లికాయ క్వింటాలు 6,000 రూపాయలనుకొన్నచో అది 216 రూపాయలు. ఇరువది క్వింటాళ్లు అమ్మువానికి 4,320 రూపాయలు. మెట్టసేద్యము చేయు ఇంటికి అది స్వల్పము కాదు.

వార్తయొక్క బలమును, బలహీనతను తెలుపు మఱి రెండు ఉదాహరణములు చెప్పెదను. ఉత్తర కేరళ తీరములో 1997 నుండి 2001 వరకు క్రమముగా సెల్‌ఫోన్లు వచ్చినవి. అంతకుముందు ఒక రేవులో చేపలు కొనువారు లేక పారవేయుచుండగా, కొంత దూరములోని రేవులో చేపలు చాలక ధర మండిపోవుచుండెడిది. పట్టిన చేపలలో నూటికి 5 నుండి 8 వంతులు వృథా యగుచుండెను. ఫోను వచ్చిన పిదప జాలరులు సముద్రముమీదనే ధర విచారించి, ఎక్కువ ధర గల రేవువైపు పడవ త్రిప్పసాగిరి. వృథా దాదాపు నశించెను. జాలరుల లాభము నూటికి 8 వంతులు పెరిగెను. కొనువారికి ధర 4 వంతులు తగ్గెను.

రెండవ ఉదాహరణము మహారాష్ట్రమునకు సంబంధించినది. అచ్చట 100 గ్రామములలో ఒక ప్రయోగము జరిగినది. కొందఱు రైతులకు మార్కెట్ ధరలు, వాతావరణ వార్తలు ఒక సంవత్సరముపాటు ఉచితముగా సెల్‌ఫోనునకు పంపబడినవి. 2012లో వెలువడిన ఫలితము చూచినచో, వారు పొందిన సగటు ధరలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. వార్త ఇచ్చటను వచ్చినది, అచ్చటను వచ్చినది. మఱి ఫలితము వేఱగుటకు కారణమేమి? నాకు తోచునది ఇది. జాలరి చేతిలో చుక్కాని యున్నది. ధర విన్న క్షణమున పడవను త్రిప్పగలడు. బస్తాలు దింపిన రైతు బండిని త్రిప్పుట అంత సులభము కాదు. మఱల కిరాయి, మఱల హమాలీ కూలి, మఱియొక రాత్రి జాగరణ. పైగా విత్తనములకు, ఎరువులకు అప్పిచ్చిన అడ్తిదారు ఆ గంజిలోనే కూర్చుండి యుండును.

మా నాయన నాడు ఆ ధరకే ఒప్పుకొనుటకు గల కారణము నాకు ఆలస్యముగా అర్థమైనది. ఆ సంవత్సరము వారు అప్పు తెచ్చినది ఆ అంగటిలోనే. కాగితముపై నున్న ధర వారికి తెలియును; దానిని కోరు స్వేచ్ఛ వారికి లేదు.

కనుక ఇ-నామ్ వచ్చినంతనే అన్నియు చక్కబడుననుకొనరాదు. దూరమున నున్న వ్యాపారి సరకును కంటితో చూడడు. నాణ్యత పరీక్ష సరిగా జరుగనిచోట అతడు ధర పలుకుటకు వెనుదీయును. అప్పుడు యార్డులోని పాతవారే మిగులుదురు. ధర దాచుకొనుటకు యంత్రము తోడ్పడినట్లే, ముందుగా కూడబలుకుకొనుటకు సెల్‌ఫోను కూడ తోడ్పడగలదు. సాధనము ఉభయపక్షములకును సమానమే. దానివలన పైచేయి పొందువాడు సిద్ధపడి వచ్చినవాడు.

ఆ సిద్ధపాటు ఎట్టిది? సరకును కల్లమువద్దనే ఆరబెట్టి, తూర్పార బట్టి తేవలెను. తేమ ఎక్కువని తేలినచో ధర తగ్గుట న్యాయమే. ధర నచ్చనినాడు సరకును గిడ్డంగిలో నుంచి, ఆ రసీదుపై బ్యాంకునుండి అప్పు పొందు మార్గమును విచారింపవలెను. అత్యవసరమునకు అమ్ముకొనువానికి ఏ వార్తయు పనికిరాదు. పది బస్తాలవారు పదిమంది కలిసినచో నూరు బస్తాలగును. లారీ నిండిన సరకునకే దూరపు వ్యాపారి వచ్చును. ఇందులకే రైతు ఉత్పత్తిదారుల సంఘములు. దేశములో ఇట్టివి 10,000 నెలకొల్పవలెనను కేంద్రప్రభుత్వ పథకము 2020 ఫిబ్రవరిలో ప్రారంభమైనది.

ఇక నేతపని వారి విషయము కొంత వేఱు. పల్లికాయను తరగతులుగా విభజింపవచ్చును. ఒక చీర మఱియొక చీర వంటిది కాదు. భూదాన్ పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెము నేతగాండ్రు తమ చీరల చిత్రములను అంతర్జాలములో నుంచి, మునుపు షావుకారు ద్వారా తప్ప చేరజాలని కొనుగోలుదారులను నేరుగా చేరుచున్నారు. ఇది గొప్ప సౌకర్యము. కాని చిత్రమును చూచినవాడు కొనవచ్చును, కాపీయును చేయవచ్చును. నెలల తరబడి ఆలోచించి కట్టిన చిటికి నమూనా ఎచ్చటనో ఒక అచ్చుయంత్రమునకు చిక్కి, తక్కువ వెలకు అదే అంతర్జాలములో అమ్ముడుపోవచ్చును.

ఇట్టి దానిని అరికట్టుటకే భౌగోళిక గుర్తింపు చట్టము వచ్చినది. పోచంపల్లి ఇకత్‌కు 2005లోను, పుట్టపాక తేలియా రుమాలునకు 2020లోను ఆ గుర్తింపు లభించినది. అయినను చట్టమునకంటె ముందు కొనువారి కన్ను కాపాడవలెను. ఇకత్‌లో నూలునకు నేయక ముందే రంగులు వేయుదురు. అందువలన బట్టకు రెండువైపులను రంగు సమానముగా నుండును. బొమ్మ అంచులు కొంచెము చెదరినట్లు కనబడును. అచ్చువేసిన బట్టకు సాధారణముగా వెనుకవైపు వెలవెలబోయి, అంచులు గీత గీచినట్లుండును. నేతగాడు చీర ముందువైపు చిత్రమును మాత్రమే చూపక, వెనుకవైపును, మగ్గమును, ఆసు పోయుటను కూడ చూపినచో కొనువారు ఈ భేదమును నేర్చుకొందురు. దొంగిలింప వీలైనది బొమ్మ మాత్రమే, పనితనమును దొంగిలింపజాలరు.

ఒక హెచ్చరిక కూడ చెప్పవలసి యున్నది. ఫోను ద్వారా మనకు సొమ్ము వచ్చుటకు మన రహస్యసంఖ్యను నొక్కవలసిన పని లేదు. సొమ్ము పంపుటకే అది అవసరము. "మీకు డబ్బు పంపుచున్నాము, సంఖ్య నొక్కుడు" అని ఎవరైన అడిగినచో వారు కొనువారు కారు, మోసగాండ్రు.

శ్రోతలారా, ధర తెలిసినంతనే చాలదు. అట్లని తెలియకపోయినను ఫరవాలేదని అర్థము కాదు. ఈసారి ధరవరలు విన్నప్పుడు, లేక ఫోనులో చూచినప్పుడు, మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఆ ధర ఏ నాణ్యతకు? అచ్చటికి చేర్చుటకు ఖర్చెంత? నేడు అమ్మక ఆగగలనా? ఈ మూటికిని సమాధానము చెప్పుకొనగలిగినవాని చేతిలోని కాగితమును చూచి ఏ వ్యాపారియు నవ్వజాలడు.