ఆపద గడిచిన తరువాత

భువనగిరి ఏకశిలా దుర్గం చెంతనుండి సాగే రహదారి హైదరాబాదును ఓరుగల్లుతో కలుపుతుంది. పగలనక రాత్రనక ఆ దారిలో వినిపించే 108 వాహనపు కూత అక్కడి ప్రజలకు సుపరిచితం. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ సేవ రోగికీ ఆసుపత్రికీ నడుమనున్న దూరాన్ని తగ్గించింది. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్‌తో సహా మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలపై వైద్యవ్యయ భారాన్ని తగ్గించింది. అయితే ఆపద గడిచి ఇల్లు చేరిన రోగి బాగోగులు చూసేదెవరు? ఈ ప్రశ్నకు సమాధానంగా రూపొందిన విధానమే ‘కేసు మేనేజ్‌మెంట్’. దీనిని తెలుగులో ‘రోగి సమన్వయ సేవ’ అనవచ్చు.

మళ్ళీ మళ్ళీ వచ్చేవారు

ఒక ఏడాదిలో నాలుగుసార్లు, అంతకు మించి అత్యవసర విభాగానికి వచ్చే రోగులను తరచుగా వచ్చేవారిగా పరిశోధకులు లెక్కిస్తారు. అమెరికాలోని అధ్యయనాలను క్రోడీకరించి 2010లో ప్రచురించిన ఒక సమీక్ష ప్రకారం రోగులలో వీరు 4.5 నుండి 8 శాతం మాత్రమే. కాని మొత్తం సందర్శనలలో 21 నుండి 28 శాతం వీరివే. వీరు అకారణంగా వస్తారన్నది అపోహ. వీరిలో అధికులు ఇతరులకంటే తీవ్రమైన అనారోగ్యంతో బాధపడేవారే.

భువనగిరి ప్రాంతపు నేత కార్మికుని ఒకనిని ఉదాహరణకై ఊహించవచ్చు. వయసు అరవై అయిదు. గుండె బలహీనపడింది, చక్కెర వ్యాధి తోడైంది. కొడుకు బతుకుదెరువుకై భివండి వెళ్ళాడు. ఒక రాత్రి కాళ్ళు ఉబ్బి, ఊపిరాడకపోతే ఇరుగుపొరుగువారు 108కు ఫోను చేస్తారు. ఆసుపత్రిలో ప్రాణవాయువు అందించి, ఒంట్లో చేరిన నీటిని తగ్గిస్తారు. నాలుగు రోజులకు అతడు కోలుకొని ఇల్లు చేరతాడు. నెల తిరగకముందే మళ్ళీ అదే కూత వినిపిస్తుంది. ప్రతిసారీ కొత్త వైద్యుడు, కొత్త మందులచీటీ. అత్యవసర విభాగం తన ధర్మాన్ని నిర్వర్తించి ఆ రాత్రి ప్రాణం నిలుపుతుంది. తెల్లవారిన తరువాతి బతుకు మాత్రం దాని చేతిలో ఉండదు.

సమన్వయకర్త చేసే పని

ఇటువంటి రోగికి ఒక నర్సునో, సామాజిక కార్యకర్తనో బాధ్యులుగా నియమించడమే ఈ విధానంలోని మూలసూత్రం. ఆమె రోగి ఇంటికి వెళ్ళి చూస్తుంది. చదువురాని ఆ వృద్ధుడు ఒకే మందును వేరువేరు పేర్లున్న రెండు అట్టలనుండి వేసుకుంటున్నాడు. మరొక మందు అయిపోయి పది రోజులైంది. వండిపెట్టే దిక్కులేక ఊరగాయతోనే అన్నం తింటున్నందున ఉప్పు ఎక్కువై ఒంట్లో నీరు చేరుతున్నది. ఆసుపత్రి గోడల నడుమ కనిపించని ఈ కారణాలు ఇంటి గడప దాటగానే కనిపిస్తాయి.

అప్పుడామె వైద్యునితో మాట్లాడి చీటీలన్నింటినీ ఒకే చీటీగా రాయిస్తుంది. ఉదయపు మాత్రకు సూర్యుని బొమ్మ, రాత్రి మాత్రకు చంద్రుని బొమ్మ గుర్తుగా పెడుతుంది. తరచూ బరువు చూసి, అది హఠాత్తుగా పెరిగితే ఊపిరి అందని స్థితి రాకముందే వైద్యునికి తెలియజేస్తుంది. రావలసిన పింఛను అందుతున్నదో లేదో విచారిస్తుంది.

ఫలితాలు నేర్పిన పాఠం

శాన్‌ఫ్రాన్సిస్కోలో 252 మంది రోగులపై జరిపిన అధ్యయనం 2008లో వెలువడింది. సమన్వయ సేవ పొందినవారిలో అత్యవసర విభాగ సందర్శనలు తగ్గాయి. ఇల్లు లేకపోవడం, మద్యపానం వంటి సమస్యలూ తగ్గాయి.

అయితే న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్‌డెన్ పట్టణపు అనుభవం మరొక సత్యాన్ని తెలిపింది. అక్కడ తరచుగా ఆసుపత్రిలో చేరే 800 మందిని రెండు వర్గాలుగా విభజించి చేసిన అధ్యయనం 2020లో వెలువడింది. ఆరు నెలలలోపు తిరిగి ఆసుపత్రిలో చేరినవారు సేవ పొందిన వర్గంలో 62.3 శాతం, పొందని వర్గంలో 61.7 శాతం. అంటే భేదం లేనట్లే. సేవ పొందినవారినే చూసి ఉంటే అది గొప్ప విజయంగా తోచేది. ఏలనగా వ్యాధి తీవ్రంగా ఉన్నప్పుడు ఎంపికైన వారిలో కొందరు ఎవరి తోడ్పాటూ లేకుండానే కుదుటపడతారు. రెండవ వర్గంతో పోల్చినందువల్లనే నిజం బయటపడింది. దారి చూపేవారు ఉండగానే సరిపోదు, ఆ దారి చివర వసతి, చికిత్స, ఆదరణ ఉండాలని ఈ రెండు అనుభవాలను కలిపి చూస్తే బోధపడుతుంది.

మన నేలపై

ఈ సేవకు కావలసిన అంగాలు తెలంగాణ పల్లెలకు కొత్తవి కావు. 2005నాటి జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ సుమారు వేయి జనాభాకు ఒక ఆశా కార్యకర్త ఉండాలని నిర్దేశించింది. పల్లె దవాఖానాలు ఉన్నాయి. భువనగిరికి చేరువలోని బీబీనగర్‌లో 2018లో మంజూరైన ఎయిమ్స్ ఉంది. వీటిని ఒక రోగి చుట్టూ కలిపే సూత్రమే కావాలి. ఆసుపత్రి నుండి రోగి ఇంటికి బయలుదేరిన నాడే ఆ సమాచారం అతని ఊరి ఆశా కార్యకర్తకు చేరడం అందుకు తొలి మెట్టు. ఆమెపై ఇప్పటికే ఉన్న పనిభారాన్ని గుర్తించి, తగిన వేతనమూ శిక్షణా ఇవ్వడం మలిమెట్టు.

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడం అవివేకమని పెద్దలంటారు. ప్రతిసారీ మంటలార్పి, బావి సంగతి మరచిపోవడమూ అటువంటిదే. ఆపదలో ఆదుకోవడం వైద్యంలో సగం మాత్రమే. ఆ ఆపద మళ్ళీ రాకుండా తోడు నిలవడం మిగిలిన సగం.

ప్రశ్నలు

1. రోగి సమన్వయ సేవ ఆవశ్యకతను నేత కార్మికుని ఉదాహరణతో వివరించండి.
2. క్యామ్‌డెన్ అధ్యయనం నేర్పిన పాఠమేమిటి?
3. మీ ఊరిలో ఇటువంటి సేవకు ఉపయోగపడగల వ్యవస్థలను గురించి రాయండి.