మెదడు కణితికి ఆ బలం ఎక్కడిది?

తిరుపతి స్విమ్స్ వంటి ఆస్పత్రిలో మెదడు కణితిని తీశాక, ముక్కను సూక్ష్మదర్శిని కింద పరీక్షిస్తారు. కణాల ఆకారం తెలుస్తుంది. వాటి లోపల జరిగే తప్పుడు కత్తిరింపు మాత్రం ఆ చూపుకు అందదు.

ఏమిటా కత్తిరింపు? ప్రోటీన్ తయారీకి కణం ముందుగా జన్యువు నుంచి పొడవాటి ఆర్‌ఎన్‌ఏ నకలు తీసుకుంటుంది. అందులో కావలసిన భాగాలు ఎక్సాన్లు, మధ్యలో అక్కరలేనివి ఇంట్రాన్లు. మన ఊళ్లలో చింతపండు కొట్టి గింజలూ ఈనెలూ ఏరేసినట్టు, కణం ఇంట్రాన్లను తీసేసి ఎక్సాన్లను అతికిస్తుంది. ఇదే స్ప్లైసింగ్. 1977లో దీన్ని బయటపెట్టిన ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్‌లకు 1993లో నోబెల్ వచ్చింది.

ఏ ఎక్సాన్‌ను ఉంచాలో మార్చితే ఒకే జన్యువు నుంచి వేర్వేరు ప్రోటీన్లు పుడతాయి. ఎంత గొప్ప పొదుపు! గ్లియోబ్లాస్టోమా అనే మొండి మెదడు కణితి సరిగ్గా దీన్నే వాడుకుంటుంది. అందులో పీటీబీపీ1 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. అది అనెక్సిన్ ఎ7 అనే మరో ప్రోటీన్ తాలూకు ఆర్‌ఎన్‌ఏలో ఒక ఎక్సాన్‌ను వదిలేయిస్తుంది. ఆ ఎక్సాన్ ఉంటే, కణాన్ని పెరగమని ప్రేరేపించే ఈజీఎఫ్ఆర్‌ను అనెక్సిన్ ఎ7 కణం లోపలికి పంపి అణచివేయగలదు. లేకపోతే 'పెరుగు, పెరుగు' అనే సంకేతం ఆగదు. జన్యువు అక్షరాలు చెడకుండానే ఇంత హాని!

స్ప్లైసింగ్‌ను సరిదిద్దడం అసాధ్యమేమీ కాదు. ఎస్‌ఎంఏ అనే నరాల జబ్బుకు 2016లో అమెరికా ఆమోదించిన నుసినెర్సెన్ మందు చేసేది అదే. కణితి విషయంలో కష్టం వేరు: మందు మెదడులోని ప్రతి క్యాన్సర్ కణానికీ చేరాలి, పక్కనున్న మంచి కణాల కత్తిరింపును చెడగొట్టకూడదు.