పేపర్ పీసింగ్: కాగితం మీద బట్ట కుడితే కొసలు అంత నీట్‌గా ఎలా వస్తాయి? మొదటిసారి ట్రై చేసేవాళ్లు ఇవి తెలుసుకోండి..

పాత చీరలతో బొంత కుట్టడం తెలుగు ఇళ్లలో కొత్తేం కాదు. మంచం మీద పరిచే బొంతలో ఓ అతుకు అటూ ఇటూ అయినా ఎవరూ పట్టించుకోరు. అదే అతుకుల పనిని గోడకు వేలాడదీస్తే మాత్రం.. నక్షత్రం కొస కాస్త తెగినా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అందుకే క్విల్టింగ్ చేసేవాళ్లు చిన్న చిన్న ముక్కల డిజైన్లకు 'ఫౌండేషన్ పేపర్ పీసింగ్' వాడతారు.

అసలు సమస్య ఎక్కడ?

ఒక్కో కుట్టులో 1 మిల్లీమీటరు తేడా ఒకే వైపు వచ్చినా, 20 కుట్లు అయ్యేసరికి 2 సెంటీమీటర్లు తప్పుతుంది. పైగా త్రికోణం ముక్కలకు ఏదో ఒక అంచు క్రాస్‌గా వస్తుంది. క్రాస్ అంచు కొద్దిగా లాగినా సాగిపోతుంది. కాగితం ఈ రెండింటికీ చెక్ పెడుతుంది. బట్టను సాగనివ్వదు, కుట్టు సరిగ్గా గీత మీదే పడుతుంది.

ఎలా కుట్టాలి?

* పల్చటి కాగితంపై డిజైన్ గీసి, కుట్టే వరుసలో 1, 2, 3 అని నంబర్లు వేయాలి.
* కాగితం వెనక్కి తిప్పి, మొదటి ముక్కను మంచి వైపు పైకి ఉండేలా పెట్టాలి. దాని మీద రెండో ముక్కను బోర్లా పరచాలి.
* గీతలున్న వైపు తిప్పి, 1, 2 మధ్య గీత మీద కుట్టు వేయాలి.
* పావు అంగుళం మార్జిన్ ఉంచి మిగతాది కత్తిరించాలి. రెండో ముక్కను తెరిచి ఇస్త్రీ చేయాలి. ఇలాగే నంబర్ల వరుసలో వెళ్లాలి.

మామూలుగా 2.5 మిల్లీమీటర్లు ఉండే కుట్టు పొడవును 1.5కు తగ్గించాలి. అప్పుడే చివర్లో కాగితం తేలిగ్గా చిరుగుతుంది. ఇస్త్రీ ఆవిరి లేకుండా చేయాలి, తడి తగిలితే కాగితం ముడతలు పడుతుంది.

ఇక్కడే జాగ్రత్త!

డిజైన్ అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. కాగితంపై కుడివైపు చూసే పిట్ట బట్టపై ఎడమవైపు చూస్తుంది. అక్షరాలైతే ముందే తిప్పి గీసుకోవాలి. ఈ పద్ధతిలో తిన్నని గీతలే కుదురుతాయి, వంపులకు పనికిరాదు. ముక్కలు కాస్త పెద్దవిగా తీసుకోవాలి కాబట్టి బట్ట ఎక్కువే వృథా అవుతుంది. కుట్లు మరీ దగ్గరగా ఉండటంతో తప్పు పోతే విప్పడమూ కష్టమే.

అందుకే ఖరీదైన బట్ట కోసే ముందు పాత కాటన్ ముక్కలతో ఒక్క బ్లాక్ కుట్టి చూడటం మంచిది. పక్క బ్లాకులు కలిపే వరకు కాగితం తీయకూడదు. ముందే చింపేస్తే అంచులు సాగి, గోడ మీద బొంత వంకరగా వేలాడుతుంది.