చేత - కృత్య - దిష్టి: చేతబడిబొమ్మను గూర్చిన కొన్ని భ్రమలు

గోదావరీ మండలములందు మైదానమునను మన్యమునను 'చిల్లంగి' యను మాట ప్రసిద్ధము. తెలంగాణమున నిట్టిదానినే 'బాణామతి' యందురు. 'చేతబడి' తెలుగునాట నంతటను చెల్లు మాట. ఈ మాటలు వినినంతనే జనుల మనస్సునకు దోచునది యొక బొమ్మ: పిండితోనో మట్టితోనో చేసి, సూదులు గ్రుచ్చి, శత్రువు వాకిట పాతిపెట్టుదురని చెప్పబడునది. చలనచిత్రముల మూలమున దీనికి 'వూడూబొమ్మ' యను పేరు కూడ నేడు వ్యాపించినది. ఈ బొమ్మ పుట్టుక యెక్కడ? దీనిని గూర్చి ప్రబలిన భ్రమ లెట్టివి? ఈ రెండు ప్రశ్నలను మే మిచ్చట విచారింప దలచితిమి.

మొదట మాటను పరిశీలింతము. 'చేతబడి' లోని పూర్వపదమును 'చేయు' ధాతువునుండి పుట్టిన 'చేత'గా గ్రహించుట యుక్తమని మా తలంపు. వ్యవహారమును దీనికి సాక్ష్యమిచ్చుచున్నది. "వానికెవరో చేసినారు", "చేయించినారు" అన్నచో, ఏమి చేసినారో చెప్పకయే వినువారికి బోధపడును. సంస్కృతమున నీ యర్థమున వాడబడు 'కృత్య' శబ్దమును 'కృ' ధాతుజన్యమే. పోర్చుగీసు భాషలో మంత్రప్రయోగమునకు పేరైన 'ఫెయితీసో' కూడ, చేయుట యని యర్థమిచ్చు లాటిను ధాతువునుండియే వచ్చినది. వేర్వేరు ధాతువులనుండి పుట్టిన యీ నుడులు ఒకే భావమును దెలుపుచున్నవి: కారణము కానరాని కీడు తనంత వచ్చినది కాదు, ఒకరు 'చేసినది'. ఈ విషయము యొక్క మూలమంతయు నీ భావమున గలదు.

బొమ్మకు మన వాఙ్మయమున మిక్కిలి ప్రాచీనమైన యాధారము గలదు. అథర్వవేదము పదవ కాండలోని మొదటి సూక్తము కృత్యను త్రిప్పికొట్టుటకు ఉద్దేశింపబడినది. అందు కృత్య చేతితో చేయబడి, తలయు ముక్కును చెవులును గలిగి, పెండ్లికూతురువలె నలంకరింపబడినదిగా వర్ణితము. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము అభిచారమునకు 200 పణముల దండము విధించినది. భాగవతమున సుదక్షిణుని యభిచారాగ్ని ద్వారకనుండి మరలివచ్చి యాతనినే దహించినది. దుర్వాసుడు జడనుండి పుట్టించిన కృత్య సుదర్శనమున కాహుతియైనది. ఈ కథలలో కృత్య ప్రయోగించినవానికే కీడు దెచ్చుట గమనింపదగినది.

అయినను మన యాచారములందు మనుష్యాకృతిగల బొమ్మ యెల్లప్పుడును హింసకే కాదు. మృతుని కళేబరము లభింపనియెడల 360 పలాశవృంతములతో నాకృతి గూర్చి దహనసంస్కారము చేయుట గృహ్యకర్మలలో గలదు. అది బంధుప్రేమ. వరిచేలలోను, కట్టుచున్న యిండ్లమీదను నిలుపు దిష్టిబొమ్మ రక్షణకొరకైనది. నేడు పత్రికలు నిరసనప్రదర్శనలలో దగ్ధము చేయు బొమ్మనుగూడ 'దిష్టిబొమ్మ' యనియే వ్రాయుచున్నవి. కాపాడు బొమ్మ పేరే కాల్చబడు బొమ్మకు సంక్రమించిన యీ యర్థపరిణామము పరిశోధకులు విడువరానిది.

జేమ్స్ ఫ్రేజరు 1890లో ప్రకటించిన గ్రంథమున నిట్టి ప్రయోగములకు రెండు సూత్రములు చెప్పెను. పోలిక గల వస్తువునకు చేసినది మూలమునకు తగులునను నమ్మిక యొకటి. ఒకప్పుడు అంటియున్న వస్తువునకు చేసినది మనిషికి తగులునను నమ్మిక రెండవది. బొమ్మ మొదటిదాని కుదాహరణము. తలవెండ్రుకలు, గోళ్లు వీథిలో పారవేయరాదను మన ముదుసలుల హెచ్చరిక రెండవదాని కుదాహరణము.

ఇక వూడూ విషయము. పశ్చిమాఫ్రికాలోని దహోమీ, అనగా నేటి బెనిన్, ప్రాంతమున ఫాన్ భాషలో 'వోదున్' అనగా దేవత. బానిసలుగా కొనిపోబడినవారు హైతీ ద్వీపమున పెంపొందించిన మతము వూడూ. సూదిబొమ్మ యందు ప్రధానాంగము కాదు. సూదులు గ్రుచ్చిన బొమ్మలు ఐరోపా, మధ్యధరా ప్రాంతములలో పూర్వమే కలవు. పారిస్ నగరపు లూవ్రు ప్రదర్శనశాలలో, ఈజిప్టునుండి వచ్చిన 13 సూదుల మట్టి స్త్రీబొమ్మ యున్నది. దానితో దొరకిన సీసపురేకు వలన నది వశీకరణార్థమని తెలియుచున్నది. మైనపుబొమ్మలను గూర్చి స్కాట్లండు రాజు జేమ్సు 1597లోనే వ్రాసెను. అమెరికా సైన్యము హైతీని 1915 మొదలు 1934 వరకు ఆక్రమించియున్న కాలమున, 1929లో సీబ్రూకు గ్రంథమును, 1932లో 'వైట్ జాంబీ' చిత్రమును వెలువడి, ఆ మతమునకు భయంకరరూపము గల్పించినవి. కాలక్రమమున ఐరోపావారి బొమ్మయే హైతీవారి కంటగట్టబడినది.

మనలోను జరుగునది యిదియే. వేదపురాణములలో కృత్య యుండగా, చిల్లంగి మన్యమువారి విద్య యని మైదానమువారు తలంచుట గలదు. ఊరిలోనైనచో నా నింద ఒంటరి వితంతువుమీదనో, దిక్కులేని ముదుసలిమీదనో పడును. మెదడునకు సోకిన మలేరియా జ్వరమున రోగి పలవరించుట వైద్యులెరిగినదే. దానినే 'చేత' యనుకొన్న యింటివారు వైద్యుని విడిచి దోషిని వెదకుదురు. జాతీయ నేరనమోదుసంస్థ హత్యాకారణముల పట్టికలో మంత్రవిద్యానుమానమునకు ప్రత్యేకస్థాన మీయవలసివచ్చినది. బీహారు 1999లోను, మహారాష్ట్రము 2013లోను ఇట్టి దురాచారములపై శాసనములు చేసికొన్నవి.

కావున బొమ్మ చంపదు. బొమ్మను గూర్చిన యనుమానము చంపుచున్నది. జానపదవిజ్ఞానమును సేకరించు విద్యార్థులు చిల్లంగికథలను వ్రాసికొనునపుడు, "ఎట్లు చేయుదురు?" అని మాత్రమే యడిగిన చాలదు. "ఎవరు చేసినారని యన్నారు? అట్లన్నవారికిని వారికిని నడుమ నేలతగవులుగాని కులవైరములుగాని యున్నవా? పిదప వారికేమైనది?" అని కూడ నడుగవలెను. నిందితుల పేళ్లను మాత్రము ప్రకటింపరాదు. మన వ్రాతయే మరియొక సూది కాగూడదు గదా!