చెట్టు లేని కల్లు

డ్రగ్స్ అనంగనే మనకు హైదరాబాద్ పబ్బులు, సినిమావోళ్లు, గంజాయి పొట్లాలు యాదికొస్తయి. టీవీల గవే చూపెడ్తరు. ఊరి కల్లు దుకాణంల సీసాలల్ల అమ్మే మత్తుమందును మాత్రం ఎవ్వలూ డ్రగ్ అనరు. మా దిక్కు దానికి 'మందు కల్లు' అని పేరు గూడ పెట్టుకున్నరు, అదేదో ఇంకో రకం కల్లు అయినట్టు.

ఒక లెక్క చేసి చూడుండ్రి. మీ ఊరి చుట్టూ గీసే తాళ్లు, ఈతచెట్లు ఎన్ని? దుకాణంల పొద్దుగూకేదాక పోయే సీసాలు ఎన్ని? తాటికల్లు ఎండకాలంల, ఈతకల్లు చలికాలంల బాగ పారుతది. దుకాణం మాత్రం పన్నెండు నెలలు నిండుగనే ఉంటది. ఆ తేడాను కొన్ని చోట్ల నీళ్లు, శాక్రిన్, మత్తు పౌడర్‌తోని నింపుతున్నరు. అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్, ఏది దొరికితే అది. మొదటి రెండు డాక్టర్లు బెంగకు, నిద్రకు చీటీ మీద రాసే మందులు. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కిందికొస్తయి. గీ పాపాన్ని గీత కార్మికుల మీద రుద్దుడు తప్పు. పానం పణంగ పెట్టి చెట్టెక్కేటోని అసలు కల్లుకు గిరాకి లేకుంట చేసిందే గీ పౌడర్.

గీ మందులు మెదడు జోరును అణుస్తయి. దినాం అణుస్తుంటే మెదడు గూడ తన జోరు పెంచుకుంటది. బ్రేకు మీద కాలు పెట్టి బండికి రేజ్ ఇచ్చినట్టన్నమాట. ఒక్కపారి బ్రేకు వదిలితే బండి ఏడికి పోతదో మీకు చెప్పక్కర్లేదు. చేతులు వణుకుతయి, నిద్ర పట్టది, లేనియి కనవడ్తయి, ఫిట్స్ వస్తయి. పానమే పోవచ్చు.

2015ల గిదే అయింది. సర్కారు కల్తీ మీద దాడులు పెంచంగనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు వందల మంది పిచ్చి లేసినట్టు చేసుకుంట దవాఖాన్ల పాలైన్రు. కొందరిని ఎర్రగడ్డ దాక తీస్కపోయిన్రు. 'కల్లు బందువెట్టిన్రు, గందుకే గిట్లయింది' అన్నరు జనం. రోగం తెచ్చిందే మందు లెక్క కనవడ్డది. నన్నడిగితే, దుకాణం మీద దాడి చేసే దినమే పక్క పీహెచ్‌సీల డాక్టరు, మందులు తయారుండాలె. ఉత్త దాడులతోని ఏం కాదు. పది దినాలకు దుకాణం మల్ల తెరుస్తరు, తాగేటోడు మల్ల గాడికే పోతడు. 2025 జులైల కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు సచ్చిపోయిన్రు, కొందరికి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ చెయ్యాల్సొచ్చింది.

బీడీలు చేసే ఆడోళ్లు, నాట్లకు పోయే అమ్మలు గూడ ఒళ్లు నొప్పులకని తాగుతరు. మొగోని తాగుడు పంచాయితీ దాక వస్తది, వీళ్లది ఇంట్లనే దాగుతది. ఇజ్జత్ పోతదని దవాఖానకు గూడ తీస్కపోరు.

మీ ఇంట్ల ఎవలన్న రెండు దినాలు కల్లు లేక వణుకుతుంటే అర్రల పెట్టి గొళ్లెం వెయ్యకుండ్రి. మెడికల్ షాపు గోలీలతోని సొంత వైద్యం వద్దు. కల్లుకు బదులు బ్రాందీ పోసుడు ఇంకా డేంజర్, పౌడర్ మత్తు, సారా మత్తు కలిస్తే ఊపిరే ఆగుతది. జిల్లా దవాఖానల మానసిక డాక్టరు మందు మెల్లమెల్లగ తగ్గిస్తడు. 14446కు ఫోన్ చేస్తే ఏడికి పోవాల్నో చెప్తరు, పైసలు కావు. డాక్టరు దగ్గర ఏదీ దాయకుండ్రి: ఏ దుకాణం కల్లు, దినానికి ఎన్ని సీసాలు, ఎన్నేండ్ల సంది, ఆఖరుకు తాగింది ఎప్పుడు. గవి తెలిస్తేనే ఆయనకు ఎంత మందుతోని మొదలుపెట్టాల్నో అర్థమైతది.